రాయి ఉండాలా వద్దా

నలభై నిమిషాలు పడుతుంది, కూర్చోండమ్మా, అని చెప్పి ఆ తెల్లకోటు పిల్ల తలుపు వేసుకుని లోపలికి పోయిందో లేదో చంద్రకాంతమ్మ గోడ గడియారం వైపు చూసింది. రెండూ పది. కాసేపాగి మళ్ళీ చూసింది. రెండూ పదే. ఈ గడియారం నడుస్తున్నదా లేదా అని ముల్లు కదిలేదాకా రెప్ప వేయకుండా చూసి, కదిలాక, అమ్మో ఒక్క నిమిషానికే ఇంత సేపైతే నలభైకి ఎంత సేపవ్వాలి అని లేచి నిలబడి, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది. చెప్పులు బయటే విప్పించారు, ఏసీకి నేల చల్లబడి అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. ఒడిలో తువ్వాలు మూట. మూటలో మొగుడు దొరస్వామి ఉంగరం, దండకు కట్టిన తాయెత్తు, వెండి బిళ్ళ ఉన్న మొలతాడు. లోపల ఉండేది అయస్కాంతమట, మామూలుది కాదు, గదంత అయస్కాంతం, గుండుసూది ఉన్నా లాక్కుంటుందట. అందుకని ఒంటి మీద లోహమన్నది లేకుండా ఒలిచి ఆమె చేతికిచ్చారు. ఉంగరం సరే. బతికున్న మగవాడి మొలతాడు ఎవరైనా విప్పుతారా? విప్పమన్నారు, విప్పింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పింది. గుండెకు మిషను పెట్టారా, లేదు. కాల్లో రాడ్డు వేశారా, లేదు. కంట్లో ఇనుపరజను పడిందా ఎప్పుడైనా, లేదు. గంటల తరబడి పచ్చి మంచినీళ్ళు కూడా తాగనివ్వని మనిషి తల ఆడించడానికే ఓపిక లేక పడుకుని ఉంటే, అన్నిటికీ లేదు లేదు అని గడగడా చెప్పేసింది. ఒక్క ప్రశ్న మాత్రం ఆ పిల్ల అడగలేదు. అడుగుతుందేమోనని ఆమె భయపడిన ప్రశ్న, చిత్తూరులో అడిగిన ప్రశ్న.

తాగుతాడా? అన్నాడు చిత్తూరు నర్సింగ్‌హోమ్ డాక్టరు, కడుపు నొక్కి చూసి, నెత్తురు పరీక్ష కాగితం చదివి. మంచం మీద మనిషిని కాదు, పక్కన నిలబడిన ఆమెను అడిగాడు. మొగుళ్ళ తాగుడు సంగతి పెళ్ళాలను అడగాలని వాళ్ళకు చదువులోనే చెప్తారేమో. తాగేవాడు సార్, రెండేండ్ల నాడు మానేసినాడు, అంది. మానేశాడని ఎవరన్నారు, అని ఆయన నవ్వలేదు గానీ, నవ్వినా బాగుండేది. తిరుపతికి తీసుకుపొమ్మని కాగితం మీద ఇంగ్లీషులో ఏదో గీకాడు. దాన్ని జీపులో కూర్చుని తమ్ముడు జయరాముడు చదివాడు, చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమి రాసినాడురా అంటే, తాగుడు వల్లేనని రాసినాడక్కా అన్నాడు. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని పడి ఉన్న దొరస్వామి ఆ మాట విన్నాడు. విని కళ్ళు మూసుకున్నాడు. నేను తాగలేదురా అని ఒక్క మాట అనుంటే! అనలేదు. పాకాల దాటి, చంద్రగిరి దాటి, తిరుపతి చేరేదాకా జీపు ఎగిరినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడే గానీ ఆ ఒక్క మాట అనలేదు. నిజంగా తాగనివాడు అనడా? ఎగిరి పడడా? నామీద ఇంత నింద వేస్తారా అని కొట్లాడడా? అని అప్పుడు అనుకుంది, ఇప్పుడూ అనుకుంది, అనుకుని గడియారం చూసింది. రెండూ పదిహేను.

లోపల మోత మొదలైంది. తలుపు మందంగానే ఉన్నా వినబడుతోంది, ముందు టక్ టక్ టక్ అని, తర్వాత ఒక్కసారిగా గోడను పగలగొడుతున్నట్టు, ఆగి, మళ్ళీ వేరే రకంగా గర్రుమని. చెవుల్లో దూది పెట్టామమ్మా, భయం లేదు, అని చెప్పే ఉన్నారు. దూది ఎంత ఆపుతుంది? ఆ గర్రుమనే చప్పుడు తన ఇంట్లో గ్రైండరుది. అచ్చం అదే కాదు, కానీ ఆమె మనసు పోయి దాని దగ్గరే కూర్చుంది, లేవమంటే లేవదు. వద్దు, దాని గురించి ఇప్పుడు వద్దు. డాక్టరు చెప్పింది గుర్తు తెచ్చుకుందాం. తిరుపతి డాక్టరు మంచివాడు, చిన్నవాడు, మీరు రైతులేనా అని అడిగి కాగితం తిప్పి బొమ్మ వేశాడు. ఇది లివరు, ఇది పిత్తాశయం, ఇక్కడ వెనకాల అడ్డంగా పడుకున్నట్టు ఉండేది క్లోమం, పాంక్రియాస్ అంటారు. రెండింటి నుంచి రెండు కాలవలు వచ్చి ఒకే తూములో కలుస్తాయమ్మా. పిత్తాశయంలో పుట్టిన రాయి జారి వచ్చి ఆ తూముకు అడ్డం పడిందనుకోండి, నీళ్ళు ఎనక్కి తంతాయి గదా సార్, అని తనే అంది, అవును, అంతే, క్లోమం వాచిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి. తాగినా వాస్తుంది. ఎక్కువగా ఈ రెండే కారణాలు. మామూలు స్కానింగులో కడుపులో గాలి అడ్డం వచ్చి తూము దగ్గర ఏముందో కనబడలేదు. ఈ అయస్కాంతం స్కానింగులో నీళ్ళున్న కాలవలన్నీ తెల్లగా కనబడతాయి, రాయి ఉంటే నల్లగా మచ్చలా తెలిసిపోతుంది. రాయి ఉంటే రాయి. లేదంటే, అని ఆగి, లేదంటే ఆయన్ని మళ్ళీ అడగాల్సి వస్తుంది, అన్నాడు. అంత మంచిగా చెప్పినవాడు ఆఖరున తలెత్తి, మూడు రోజులు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారమ్మా, మొదటి రోజే తెచ్చుంటే ఇంత వాపు ఉండేది కాదు, అన్నాడు. బస్సులు లేవు సార్, అంది చంద్రకాంతమ్మ.

బస్సులు లేవట! ఐరాల నుంచి చిత్తూరుకు బస్సుల్లేవట. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో తలుచుకుంటే ఆమెకు ఇప్పుడు కూడా చెవులు వేడెక్కాయి. పక్కన నిలబడ్డ జయరాముడు విన్నాడు, విని అక్క ముఖంలోకి చూడకుండా కిటికీ వైపు చూశాడు. ఇప్పుడు వాడు టీ తాగొస్తానని బయటికి పోయాడు గానీ టీ కోసం కాదు, అక్క పక్కన కూర్చోలేక పోయాడు. గురువారం పొద్దున వాడు ఊరికే చూసిపోదామని వచ్చి, అరుగు మీద బావను చూసి, కళ్ళు చూసి, పసుపుగుడ్డలా ఉన్న ఆ కళ్ళు చూసి, ఒక్క అరుపు అరిచాడు. మనిషిని సంపుకుందామనుకున్నావా అక్కా! చిన్నప్పటి నుంచి ఆమె ఎత్తుకు తిప్పిన తమ్ముడు. అక్క మాటకు ఎదురు చెప్పని తమ్ముడు. అరిచి, జీపు మాట్లాడుకొచ్చి, బావను తనొక్కడే భుజాన వేసుకుని ఎక్కించాడు.

చంపుకుందామనుకోలేదు. అట్లా ఎవరైనా అనుకుంటారా? శిక్ష అనుకుంది. స్వామి శిక్ష. దాంట్లో మనుషులు వేలు పెట్టకూడదనుకుంది.

రెండేళ్ళ కింద, పల్లవికి పదకొండేళ్ళప్పుడు, స్కూలు వార్షికోత్సవంలో బిడ్డకు చదువులో మొదటి బహుమతి ఇస్తున్నారని పిలిస్తే దొరస్వామి తాగి వచ్చాడు. వచ్చినవాడు వెనక నిలబడ్డా సరిపోయేది. నా కూతురు, నా కూతురు అంటూ స్టేజీ ఎక్కి, హెడ్మాస్టరు చేతిలోని మైకు లాక్కుని దీవించబోయి, పూలకుండీ మీద పడ్డాడు. పిల్లలు విరగబడి నవ్వారు. పల్లవి వారం రోజులు బడికి పోనంది, బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నె ఇప్పటికీ ఇంట్లో ఎవరూ వాడరు. మర్నాడే జయరాముణ్ణి పిలిపించి మొగుణ్ణి కాణిపాకం తీసుకుపోయింది. తీసుకుపోవడమేమిటి, ఈడ్చుకుపోయింది. ఆ సీమలో మాట తేలాలంటే కోర్టూ వద్దు కచేరీ వద్దు, స్నానం చేసి తడిగుడ్డలతో వినాయకుడి ముందు నిలబడి చెప్తే చాలు. దొంగతనం చేయలేదని చెప్పేవాళ్ళు, పొలం గట్టు జరపలేదని చెప్పేవాళ్ళు, తాగనని చెప్పేవాళ్ళు. అబద్ధమాడితే స్వామే చూసుకుంటాడు. దొరస్వామి పళ్ళు టకటకలాడుతుంటే, నీళ్ళు కారుతున్న పంచెతో నిలబడి, ఈ దినం నుంచి సుక్క ముట్టను స్వామీ, ముడితే నన్ను నువ్వే సూసుకో, అన్నాడు. అంతవరకు ఆయన మాట. ఆ తర్వాత మనసులో, ఎవరికీ వినబడకుండా ఆమె కలిపిన మాట ఒకటుంది. ముడితే ఆ కడుపులోనే చూపించు స్వామీ, అంది. అట్లా ఎందుకంది? కోపంలో అంది. బిడ్డ ఏడుపు చూసి అంది. అని మర్చిపోయింది కూడా. సోమవారం పొద్దున అరుగు మీద మొగుడు కడుపు పట్టుకుని ముందుకు వంగి చెమటలు కక్కుతుంటే, కడుపా? అంది, కడుపే మే, ఈపులోకి దూసకపోతా ఉండాది, అన్నాడు. అప్పుడు ఆ మర్చిపోయిన మాట వచ్చి ఎదురుగా నిలబడింది.

ఆమె మొట్టమొదట చేసిన పని ఏమిటి? నీళ్ళివ్వడమా, వీపు నిమరడమా? వంగి ఆయన నోటి దగ్గర వాసన చూసింది. రెండేళ్ళుగా అలవాటైన పనే. ఎక్కడికి పోయి వచ్చినా వాకిట్లోనే తువ్వాలు తీసుకుని దండేనికి వేసే నెపంతో ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆయనకు తెలియదని కొన్నాళ్ళు అనుకుంది. తర్వాత్తర్వాత ఆయనే గుమ్మంలో నిలబడి తువ్వాలు తీసి, సూసుకో అన్నట్టు చేతికి ఇచ్చి లోపలికి పోయేవాడు. ఒక్కసారైనా విసుక్కోలేదు. సోమవారం కూడా వాసన లేదు. యాడ తాగినావు, అంది అయినా. ఆయన ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ వంగిపోయాడు. ఆ చూపేమిటి? తప్పు చేసినవాడి చూపా, ఇంత నొప్పిలో ఇదా నువ్వడిగేది అన్న చూపా? మూడు రోజులుగా ఆ చూపును తిప్పి తిప్పి చూస్తోంది, ఒకసారి ఇట్లా కనబడుతుంది, ఒకసారి అట్లా. రెండూ ఇరవై ఎనిమిది.

పక్క కుర్చీలోకి ఎవరో ముసలామె వచ్చి కూర్చుంది. గుండు, గుండు మీద ఆరిపోయిన గంధం, కొండ దిగి నేరుగా వచ్చినట్టుంది. మోకాళ్ళ స్కానింగుకట. ఊరకుండొచ్చు గదా. మీకెవురికమ్మా అంది. మా ఆయనకి. ఏమి జబ్బు? కడుపులో క్లోమం వాచింది. ముసలామె నాలుక చప్పరించి, తాగుడా? అంది. లేదు! అంది చంద్రకాంతమ్మ. తాగడు మా ఆయన! ముసలామె ఉలిక్కిపడి కుర్చీ చివరికి జరిగింది. ఉలిక్కిపడింది ముసలామె ఒక్కతే కాదు. ఆ లేదు అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో చంద్రకాంతమ్మకే తెలియలేదు. చిత్తూరు డాక్టరు అడిగినప్పుడు ఎందుకు రాలేదు అది? పక్కింటి నాగులమ్మ గోడ మీంచి తొంగి చూసి, సత్యం తప్పితే ఊరికే పోతాదా అమ్మీ, స్వామి పట్టినాడు, అన్నప్పుడు ఎందుకు రాలేదు? అప్పుడు తలాడించింది. నాగులమ్మ మాటకు తలాడించి, మజ్జిగలో జీలకర్ర నూరి కలిపి, అరుగు మీద ఠక్కున పెట్టి వచ్చింది.

తాగలేదేమో. ఈ మాట మనసులో అనుకున్న వెంటనే సాయంత్రాలు గుర్తొచ్చాయి. మానేసిన మొదటి నెలల్లో పొద్దు వాలేసరికి ఆయన చేతులు వణికేవి, రోడ్డు వైపు వీపు పెట్టుకుని కూర్చునేవాడు, చెంబు మీద చెంబు నీళ్ళు తాగేవాడు. ఏదన్నా మాట్లాడు మే, అనేవాడు. ఏమి మాట్లాడాలి? పదిహేనేళ్ళ కాపురంలో ఆ వేళప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడిందెప్పుడు? కోడి గుడ్లు పెట్టింది అనేది. ఎన్ని పెట్టింది? పదకొండు. పొదగేసినావా? వేసినా. అంతే, మళ్ళీ ఇంకేమన్నా చెప్పు అనేవాడు, ఆమె అమాసకు వండిన కూర సంగతి దగ్గర్నుంచి చెప్పుకొచ్చేది. అట్లా చెప్తూ చెప్తూ, తన మొగుడు మాటలు వినే మనిషని ఆమెకు అప్పుడే తెలిసింది. బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర అందరూ తాగుతుంటే ఈయన పాకం చూసి దించమని చెప్పి ఇంటికి వచ్చేసేవాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు పాకానికి ఆయన కన్నే కన్ను అనేవాళ్ళు. ఆ మనిషిని, పాకం ముదిరే ఘడియ చూడగానే చెప్పగల మనిషిని, కడుపులో ఏముందో చెప్పలేక మెలికలు తిరుగుతుంటే తాను... గ్రైండరు. సరే. రానీ. ఎంతసేపని ఆపుతుంది.

మంగళవారం మధ్యాహ్నం. మర్నాటి దోసెలకు పిండి వేసుకుంటూ ఉంది. అరుగు మీంచి చంద్రా అని వినబడింది. మే అనే మనిషి చంద్రా అని పిలిచాడు. గట్టిగా కాదు, గొంతు లేనట్టు. ఆమెకు వినబడింది. వినబడి, చెయ్యి చాచి గ్రైండరు స్విచ్చి వేసింది. బియ్యమింకా పూర్తిగా కడగనే లేదు. ముందు ఉత్తదే తిరిగింది, తర్వాత పిండి తిరిగింది, పిండి ఎత్తేశాక కూడా, ఇక చేసే పనేమీ లేకపోయినా గోడకు ఆనుకుని నిలబడి దాన్ని అట్లాగే తిరగనిచ్చింది. ఎంతసేపు? గడియారం చూడలేదు. ఇవాళ నిమిషం నిమిషం చూస్తున్న మనిషి ఆ రోజు చూడలేదు. ఆపేసరికి అరుగు మీద చప్పుడు లేదు. పోయి చూస్తే వాంతి చేసుకుని, దాని మీదే చెంప ఆనించుకుని పడుకున్నాడు. కడిగింది. తుడిచింది. మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంక పిలవలేదు.

ఇప్పుడు ఏమని మొక్కాలి? ఈ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి ఆమెను కూర్చోనివ్వంది ఇదే. తిరుపతిలో ఉంది, తలెత్తితే కిటికీలోంచి కొండ కనబడుతోంది, అడగదలచుకుంటే ఇంతకంటే దగ్గర చోటు ఎక్కడుంది? అడిగేదేమిటో తేలాలి గదా. రాయి ఉండాలి స్వామీ, అనాలి. అంటే మొగుడి కడుపులో రాయి ఉండాలని పెళ్ళాం మొక్కుకోవడం. నవ్వొచ్చింది. రాయి ఉంటే ఆయన మాట తప్పలేదు. చుక్క ముట్టలేదు. హాస్టల్లో ఉన్న పల్లవికి చెప్పొచ్చు, మీ నాయన నిలబడినాడమ్మా అని. కానీ రాయి ఉంటే తానేమిటి? మాట మీద నిలబడ్డ మనిషిని మూడు రోజులు అరుగు మీద ఎండబెట్టి, పిలిస్తే గ్రైండరు వేసిన ఆడది. రాయి లేకుంటే? లేకుంటే తాగాడు, మోసం చేశాడు, స్వామి పట్టాడు, తాను చేసింది తప్పే గానీ అంత తప్పు కాదు. ఆ ఆలోచన చివరికంటా రాకముందే ఇంకొకటి దాన్ని తోసుకుని వచ్చింది. రాయి ఉండకపోతే బాగుండు. అనుకుంది. నిజంగానే అనుకుంది. తాళి కట్టిన మనిషి తాగుబోతుగా, అబద్ధాలకోరుగా తేలితే బాగుండునని, తన మంగళవారం మధ్యాహ్నం కప్పుకోవడానికి అనుకుంది. ఛీ అని పైకే అనేసింది. ముసలామె ఇంకో కుర్చీ అవతలికి జరిగింది. చంద్రకాంతమ్మ లేచి నడిచింది, తలుపు దాకా, అక్కడినుంచి మంచినీళ్ళ డ్రమ్ము దాకా, మళ్ళీ తలుపు దాకా. లోపల మోత ఆగింది. ఆగి ఎంతసేపైంది? ఊపిరి బిగబట్టండి అని మైకులో ఆ పిల్ల గొంతు సన్నగా వినబడింది, ఆమె కూడా బిగబట్టింది. మోత మొదలైంది. ఇంకా వదలమనలేదు. ఆ మనిషికి ఊపిరి తీస్తేనే నొప్పి. ఇంకా వదలమనలేదు. వదలండి, అన్నాక ఆమె తలుపు పట్టుకుని నిలబడి రొప్పింది.

మూడు కొట్టడానికి రెండు నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ఈమెకు తగలబోయి ఆగి, అయిపోయిందమ్మా, ఆయన్ని దించుతున్నాం, మేడమ్ మిమ్మల్ని పిలుస్తున్నారు, అంది. పక్క గదిలో, కంప్యూటర్ల ముందు నడివయసు డాక్టరమ్మ. తెర మీద నల్లటి దాంట్లో తెల్లటి కొమ్మలు. ఇదీ మీ ఆయన కడుపు, అంది డాక్టరమ్మ. చంద్రకాంతమ్మ డాక్టరమ్మ వేలినే చూస్తోంది, ఎక్కడ ఆగుతుందా అని. వేలు తెల్లటి కాలవ వెంబడి కిందికి వచ్చింది, తూము దగ్గర ఆగింది. అక్కడ నల్లగా, కందిగింజంత.

"రాయమ్మా. పిత్తాశయం నుంచి జారింది. దీని వల్లే వాపంతా. నోట్లోంచి గొట్టం వేసి తీసేస్తారు, కోత కూడా ఉండదు. మీ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పేశాను."

"తాగితే వచ్చింది కాదా మేడమ్?"

"తాగుడుకీ దీనికీ సంబంధం లేదు. రాయి."

ఆ మాట ఆమెకు పొరపాటున కూడా మంచిమాటలా వినబడలేదు. బతుకుతాడు, కోత లేదు, అన్నీ మంచి మాటలే. అయినా గోడ పట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో స్ట్రెచర్ మీద దొరస్వామి, చెవుల్లో దూది, కళ్ళు పచ్చగా పైకప్పును చూస్తున్నాయి. పోయి తల దగ్గర నిలబడింది. తప్పైపోయింది మామా, అంది. దూది వల్ల ఆయనకు వినబడలేదు. మళ్ళీ అనబోయేలోగా ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని, కప్పు నుంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టాడు.

"మే, ఈ మిషన్లో అంతా తెలిసిపోతాది గదా. వాళ్ళు సెప్పేదానికన్నా ముందు నేనే సెప్తా ఇను. తాగినా. ఒగే ఒగ దినం. పోయిన ఏడు పాకాలలో ఎద్దుల్ని అమ్మినా సూడు, ఆ పొద్దు. పగ్గాలు సేతిలో పెట్టుకోని బస్సుకి నిలబడితే, ఎట్నో అయిపోయినాది. ఒగ గ్లాసు. తువ్వాలు యాడనో పోయిందని సెప్తి గదా నీకి, పోలేదు, నేనే పారేస్తి. లోపల ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా, ఇదో ఇప్పుడు పడతాది బొమ్మలో, ఇదో ఇప్పుడు, అని సచ్చిపోతి."

చంద్రకాంతమ్మ తువ్వాలు మూటను చంకలో ఇరికించుకుని ఇంకా దగ్గరికి వంగింది.

"సోమవారం నొప్పొచ్చినప్పుడే అనుకున్నా, స్వామి పట్టుకున్నాడని. అందుకే ఆసుపత్రి అని అడగలా. అడిగే మొగమేది?"

ఎద్దులమ్మిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకుంటే, పాపం ఎద్దుల మీద బెంగ అనుకుని కాళ్ళు పిసికింది. కాళ్ళు పిసికిందే! కోపం రావాలి. వచ్చింది కూడా, చెంపల దాకా వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది, మెల్లగా, దొంగలా. ఇంతసేపూ లోలోపల కోరుకున్నది అడక్కుండానే చేతికొచ్చింది. తాగాడు. ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు తాను నోరు మూసుకుంటే చాలు. డాక్టరమ్మ చెప్పింది ఇంగ్లీషు కాగితంలో ఉంటుంది, రాయి తీసినా ఆ రాయి పెట్టింది స్వామేనని ఆయన నమ్ముతాడు, నమ్మి బతికినన్నాళ్ళూ తలొంచుకుని తిరుగుతాడు, తన మంగళవారం సంగతి ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. అంత సులువు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. వారం రోజుల గడ్డం, ఎండిపోయిన పెదాలు. శిక్ష ఎంత పడుతుందో వినడానికి కాచుకుని ఉన్న ముఖం.

వంగి రెండు చెవుల్లోని దూదీ తీసేసింది.

"అది బొమ్మలో పడలేదు మామా. పడేది కాదంట. రాయి ఉండాది, పిత్తు రాయి. దాని వల్లేనంట నొప్పి. తాగుడికీ దీనికీ సంబంధమే లేదంట."

ఆయన తల ఆమె వైపు తిప్పాడు. "స్వామి కాదా?"

"స్వామీ కాదు, ఎవురూ కాదు. రాయి." దూది ఉండలు గుప్పిట్లో నలుపుతూ అంది. "ఇంగొకటి ఇను. మంగళారం నువ్వు పిలిస్తివి. నాకు ఇనబడింది. ఇనబడే గ్రైండరు ఏసుకుంటి."

దొరస్వామి ఆమెను చూశాడు. ఈసారి ఆ చూపును రెండు రకాలుగా చూడాల్సిన పని లేదు. కోపం లేదు, జాలి లేదు, అలిసిపోయిన మనిషి చూపు.

"తెలుసు మే. ఉత్త గ్రైండరు తిరిగే సప్పుడు తెలీదా నాకి? పిండెత్తేసినాంక గూడా తిరగతానే ఉండింది." ఆగి, ఊపిరి తీసుకుని అన్నాడు. "సరే, నాకి తగిందే అనుకుంటి."

ఆ మాటకు ఆమె ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఆ వరండాలో, గుండు ముసలామె చూస్తుండగా ఏడ్చింది. తిట్టినా తట్టుకునేది, ఆ తగిందే అన్న మాట తట్టుకోలేకపోయింది. ఎద్దుల రోజు గురించి అడగాల్సింది ఇంకా ఉంది, అడుగుతుంది, ఊరికే వదిలే మనిషి కాదు. అది ఇంటికి పోయాక.

ఆయన మోకాళ్ళు మెల్లగా పైకి ముడుచుకున్నాయి. పట్టుకున్న చెయ్యి బిగిసింది. నుదుటి మీద చెమట పోసింది. పళ్ళు కరిచి కాసేపు ఓర్చుకున్నాడు, సోమవారం నుంచి అలవాటైన ఓర్పు. తర్వాత, అడగొచ్చో లేదో ఇంకా నమ్మకం కుదరనివాడిలా, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"చంద్రా, నొప్పి మళ్ళా వస్తా ఉండాది."

చంద్రకాంతమ్మ గిరుక్కున తిరిగింది. వరండాలో ఎవరూ లేరు. తెల్లకోటు పిల్ల ఎటో పోయింది, తలుపులన్నీ మూసి ఉన్నాయి.

"ఎవురన్నా రాండయ్యా! మా ఆయనకి నొప్పంట! బిరిగ్గా రాండి! ఓ మేడమ్! రేయ్ జయరామా!"

తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. రోడ్డు అవతల టీ కొట్టు ముందు నిలబడ్డ జయరాముడికి కూడా ఆ కేక వినబడింది.